టోరినో బిళ్ళ

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. బాలికి అత్త కొట్టిన బాధ ఎప్పుడూ లేదు. ఆ అత్త నోట్లో నాలుక లేని మనిషి, పోయి కూడా పదేళ్ళయింది. తోటికోడలు గోరి మాత్రం ఎదురింట్లోనే ఉంది, రాయిలా ఉంది, పైగా విమానమెక్కి ఇటలీ దేశం పోయి వచ్చింది. ఇక ఏడవడానికి వేరే కారణం వెతుక్కోవాలా?

అసలు పోవలసింది బాలి. చండ్రుగొండ దాటి అడివి మొదలయ్యే చోట ఉన్న ఆ లంబాడీ తండాలో పాత విత్తనాలు దాచే ఇల్లంటే బాలి ఇల్లే. పచ్చజొన్న, ఎర్రకంది, కొర్ర, నల్ల ఉలవ. బూడిద కలిపి, వేపాకు వేసి, కుండ మూతికి పేడ మెత్తి పెట్టేది. పత్తి మోజులో పడి ఊరంతా పాత పంటలు మరిచిపోయినా, ఎవరికైనా గుప్పెడు కందులు కావాల్సి వస్తే ఆమె గడపే తొక్కాలి. గోరి ఇంట్లో విత్తనాల కుండ ఒక్కటన్నా ఉందో లేదో గోరికే తెలియదు.

అది రెండువేల ఆరు. ఖమ్మంలో విత్తనాల సంఘం నడిపే సంగీత మేడం వానాకాలం మొదట్లో తండాకు వచ్చి, ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి చల్లగా ఒక మాట చెప్పింది.

"ఇటలీ దేశంల టోరినో అని ఒక పట్నం ఉంది. దసరా దాటినంక అక్కడ దేశదేశాల రైతులు విత్తనాలు పట్టుకొని కలుస్తరు. మన తండ నుంచి ఒకరు రావాలె. బాలక్కా, నువ్వొస్తవా?"

ఆ తండాలో ఒక మర్యాద ఉంది. పిలవగానే లేచేది కుక్కపిల్ల ఒక్కటే అంటారు. పెళ్ళి బువ్వకు పిలిచినా సరే, మొదటిసారి "ఇప్పుడే తిన్నం" అనాలి. రెండోసారి "ఎందుకులే" అనాలి. మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితే అప్పుడు లేవాలి. కడుపులో ఎలుకలు పరిగెత్తుతున్నా ఈ లెక్క తప్పకూడదు. బాలి గుండె ఆ క్షణం డప్పులా కొట్టుకుంటున్నా, కొంగు సర్దుకుని, నేల చూస్తూ, ఎంతో పద్ధతిగా అంది.

"నేనెందుకమ్మా, నాకేం తెలుస్తది."

అని రెండో పిలుపు కోసం కూర్చుంది. ఖమ్మంలో పుట్టి పెరిగిన సంగీతకు ఈ లెక్కలు తెలియవు. "అయ్యో, సరే అక్కా, బలవంతం లేదు" అని పక్కకు తిరిగి, "గోరక్కా, మరి నువ్వు?" అంది.

"పోత" అంది గోరి.

అంతే. కుక్కపిల్లలా లేచింది, గద్దలా తన్నుకుపోయింది. బాలి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఇంటికి వచ్చాక మొగుడు హరిలాల్ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు.

"పోత అంటె నోటి ముత్యాలు రాలుతయా నీకు?" అన్నాడు.

"ఒక్కసారి అడిగి ఊకుంటరా ఎవరన్న? మనిషిని గిట్లనా అడిగేది?" అని బాలి ఆ రోజంతా గిన్నెల మీద కోపం చూపించింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. గోరికి ఇటలీలో చూపించడానికి విత్తనాలు కావాలి కదా, అవి బాలి కుండల్లోంచే పోయాయి. అక్కడి సభలో నిలబడి మాట్లాడేటప్పుడు తండా బట్ట కట్టుకోవాలని సంగీత చెప్పింది. ఇప్పుడు అందరూ చీరలే. గోరి పాత బట్ట ఎప్పుడో చినిగిపోగా దాని అద్దాలు చేతిసంచికి కుట్టేసుకుంది. ఇక తండా మొత్తం మీద చెప్పుకోదగ్గ జత ఒక్కటే: బాలి తల్లి మూడేళ్ళు కూర్చుని కుట్టిన పేటియా లంగా, కాంచళి రవిక, పైన కప్పుకునే టుక్రి. ఎర్ర గుడ్డ మీద వేలెడంత చోటు వదలకుండా అద్దాలు, గవ్వలు, రొమ్ము మీద వరసగా పాతకాలపు రాజు బొమ్మ వెండి బిళ్ళలు. అది కట్టుకుని నడిస్తే ఎండలో చెరువు నడిచినట్టుండేది.

తండా పెద్ద వీరన్న నాయక్ వచ్చి, "బాలీ, తండ పరువు" అన్నాడు. పరువు అన్నాక ఇంకేం అంటారు. ఇచ్చింది. "అద్దం ఒక్కటి రాలినా ఊకోను" అని గోరి చేతిలో పెట్టింది. పెట్టేటప్పుడు వేళ్ళు బట్టను ఒక పట్టాన వదల్లేదు.

విత్తనం నాది, బట్ట నాది, విమానం మాత్రం దానిది. ఈ మాట బాలి ఎన్నిసార్లు తనలో తాను అనుకుందో, పొయ్యి ముందున్న పిల్లికి కూడా వచ్చేసి ఉంటుంది.

పన్నెండు రోజుల తర్వాత గోరి తిరిగి వచ్చింది. కాస్త చిక్కింది, కాస్త తెల్లబడింది, కళ్ళ కింద చారలు. దూరం పోయివచ్చిన మనిషి కదా అనుకున్నారు అందరూ. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం, పొయ్యిలు అంటించకముందు, గోరి వాకిట్లో సభే. ఎదురు వాకిట్లో బాలి చేట పట్టుకుని, చెరిగిన జొన్నలే మళ్ళీ చెరుగుతూ, ఒక్క మాట పోనిచ్చేది కాదు.

గోరి చెప్పే తీరు కూడా అట్లాగే ఉండేది. కోటలు, బొమ్మలు కాదు. రేపు మీరే పోయి ఆ ఊళ్ళో కాపురం పెట్టబోతున్నట్టు చెప్పేది.

"చాయ దొరకదు. కాఫీ. గింతంత కప్పుల పోస్తరు, ప్రమిదెకు ఎక్కువ, గిన్నెకు తక్కువ. కూసొని తాగితే రేటెక్కువ. ఊరోళ్ళు నిలబడే తాగుతరు. లోపలికి పోంగనే బోన్‌జోర్నో అనాలె, అది నమస్తె. అనకపోతె వాళ్ళకు గుర్రు. ముందు గల్లా కాడ పైసలిచ్చి చీటీ తీసుకోవాలె. ఆ చీటీ ఇత్తడి బల్ల మీద పెడితె అప్పుడు పోస్తడు. పాల కాఫీ పొద్దుగాలనే. బువ్వ తిన్నంక పాలకాఫీ అడిగితె మనల్ని చూసి నవ్వుతరు."

"మరి ట్రైను?" అనేది ఎవరో.

"రోడ్డు మీదనే పోతది, ఆటోల నడుమ పోయినట్టు. ఎక్కంగనే టికెట్టు తీసి డబ్బ నోట్లె పెట్టాలె. అది కర్‌మని కొరుకుతది. కొరికించలేదనుకో, టికెట్టు కొన్నా దొంగవే. అంగట్ల పండ్లు ముట్టుకోవద్దు. వేలు చూపాలె, వాళ్ళే ఏరి ఇస్తరు."

ముట్టుకోకుండా కొనే బేరం ఏం బేరమని ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఖమ్మం మార్కెట్టులో మిరపకాయను విరిచి, వాసన చూసి, గింజ నాలిక్కి అంటించుకోకుండా ఎవడన్నా కొంటాడా?

"రొట్టెను బల్ల మీద బోర్లించొద్దు, కీడు. మధ్యాన్నం ఒంటిగంటకు దుకాండ్లు మూస్తరు, మూడున్నర దాక ఎవడు తెరవడు. గల్లీ గల్లీకి ఆకుపచ్చ ఎద్దు తలకాయ ఉంటది, ఇనుముది. దాని నోట్లెకెంచి రాత్రింబగళ్ళు నీళ్ళు. బంద్ చేసే నల్లనే లేదు. బజార్లన్నిటికి కమాన్లు. వానొచ్చినా తల తడవకుండ ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు పోవచ్చు. కమాన్లు లేని కాడ పై నుంచి చూస్తె ఒకటే గొడుగులు."

ఎద్దు తలకాయ మాట వినగానే ముసలివాళ్ళు మురిసిపోయారు. వాళ్ళ తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసుకుని దేశాలు తిరిగినవాళ్ళు. "ఎద్దుకు మొక్కేటోళ్ళు చెడ్డోళ్ళు కారు" అన్నాడు వీరన్న నాయక్.

బాలికి ఒళ్ళంతా కారం పూసినట్టుండేది. ఆ ఎద్దు నోటి నీళ్ళు తన దోసిట్లో పడవలసినవి. ఆ ఇత్తడి బల్ల మీద మోచెయ్యి ఆనించవలసింది తాను. గోరికి ఆశ్రయమిచ్చిన ఇంటావిడ పేరేదో రోజానా అట, తండా నోట్లో పడి రోసమ్మ అయింది. ఆ రోసమ్మ వంటింటి కిటికీ, ఆమె కుక్క, కుక్క కుంటి కాలు, అన్నీ బాలికి కంఠతా వచ్చేశాయి. గోరి అయినా ఒక్కోసారి తడబడేది, బాలి తడబడేది కాదు.

"నాలుగో నంబరు బండెక్కితె పెద్దంగడి వస్తది" అని గోరి అంటే, ఎదురు వాకిట్లోంచి, "మొన్న ఎడమకు కూసోవాలె, మంచుకొండలు కనబడ్తయి అన్నవ్. ఇయ్యాల మరిచినవా?" అని బాలి అరిచేది.

"బాలక్క పోయొచ్చినట్టుందే" అని ఆడవాళ్ళు నవ్వేవారు. అసూయకున్నంత జ్ఞాపకశక్తి బడిపిల్లలకు ఉంటే తండా నిండా కలెక్టర్లే ఉండేవారు.

ఒక్కసారి మాత్రం బాలి తగ్గి అడిగింది. "అది సరెగని, ఆ కాఫీ ఎట్లుంటదే రుచి?"

గోరి ఒక్క క్షణం ఆగింది. "మంచిగుంటది" అని, పొయ్యి మీద ఏదో మాడుతుందని లోపలికి పోయింది. పొయ్యి అప్పటికి అంటించనే లేదు. బాలి అది చూసింది. రుచి కూడా నాకు దక్కనివ్వదు, పిసినారిది, అనుకుంది.

పదో రోజు బట్ట వాపసు వచ్చింది. బాలి తలుపు వేసుకుని అద్దం అద్దం తడిమి చూసింది. ఒక్కటీ రాలలేదు, దాంతో కొంచెం నిరాశపడింది కూడా. చివరికి టుక్రి మూల చేతికి గట్టిగా ఏదో తగిలింది. ముడి. విప్పింది. అందులో బిళ్ళ. అంచంతా తెల్లగా, నడుమ పచ్చగా, రెండు లోహాలు ఒకదాంట్లో ఒకటి పొదిగినట్టు. అట్లాంటి బిళ్ళ ఆ తండాలో ఎవరూ చూడలేదు. ఎండలో పెడితే రాజు బొమ్మ బిళ్ళలన్నీ దాని ముందు వెలవెలబోయాయి.

బాలి అడగబోయేలోపే గోరి గుమ్మంలో నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, ముడి విప్పుడు మరిచిన. అది నాది. ఇయ్యి."

"ఎవలిచ్చిన్రు?"

"ఎవలో ఇచ్చిన్రు. ఇయ్యక్కా."

"సభల ఇచ్చిన్రా? సన్మానమా?"

గోరి మాట్లాడలేదు. ఆ మౌనం బాలికి ఎట్లా వినపడాలో అట్లానే వినపడింది. దేశాల ముందు నిలబెట్టి, మెచ్చి, చేతిలో పెట్టి ఉంటారు. నా విత్తనం చూపించి, నా తల్లి బట్ట కట్టుకుని తెచ్చుకున్న మెప్పు, దాన్ని దాచుకుంది చూశావా!

ఆ తండాలో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పెళ్ళిళ్ళలో ఒకరి బట్ట ఇంకొకరు కట్టుకుని ఆడితే, ఆ ఆటకు మెచ్చి చదివించిన బిళ్ళ ఆడినామెది కాదు, బట్ట గలామెది. బట్టకు పడ్డది బట్టకే కుట్టాలి. బాలి ఈ కట్టుబాటు పట్టుకుని నాయక్ వాకిట్లో కూర్చుంది. హరిలాల్ వద్దన్నాడు, గోరి మొగుడు బిచ్యా తల పట్టుకున్నాడు, అన్నదమ్ములిద్దరూ పొలానికి పోయి ఒకే చెట్టు కింద బీడీ కాల్చుకున్నారు.

వీరన్న నాయక్ గోరిని అడిగాడు. "బిళ్ళ ఆ బట్ట ఒంటి మీద ఉండంగ వచ్చిందా, చీర మీద వచ్చిందా?"

"బట్ట మీద" అంది గోరి నేల చూస్తూ.

"అయితె బాలిదే."

"నాయకా, అది మంచి బిళ్ళ కాదు. కుట్టొద్దని చెప్పు. కావాలంటె ఇంకొకటి..."

"మంచిది కాకపోతె నీకెందుకు గంత ఆరాటం?" అంది బాలి. అందరూ నవ్వారు. గోరి లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే బాలి ఆ బిళ్ళను కాంచళికి సరిగ్గా రొమ్ము నడుమ, రాజు బొమ్మల మధ్యన, రెండు పేటల దారంతో కుట్టింది. తర్వాతి శ్రావణంలో తీజ్ పండగకు ఆ బట్ట కట్టుకుని ఆడింది. పక్క తండాల వాళ్ళు వంగి వంగి చూశారు. "ఇటలీ బిళ్ళ. మెచ్చి ఇచ్చిన్రు" అని బాలి అడిగినవాళ్ళకు చెప్పింది, అడగనివాళ్ళకూ చెప్పింది. గోరి ఆ వేళ అటు తిరిగి కూర్చుంది. ఏడువు, బాగా ఏడువు, అనుకుంటూ బాలి ఇంకో రెండు చుట్లు ఎక్కువ తిరిగింది. చెప్పొద్దూ, ఆ రెండేళ్ళూ బాలికి కడుపు నిండా తిన్నట్టే ఉంది. గోరి వాకిట్లో సభలు కూడా పలచబడ్డాయి. టోరినో గురించి ఎవరికన్నా అనుమానం వస్తే ఇప్పుడు బాలినే అడుగుతున్నారు.

రెండువేల ఎనిమిదిలో సంగీత మళ్ళీ వచ్చింది.

"ఈసారి కూడ టోరినోల్నే. మరి ఎవరు..."

"పోత!" అంది బాలి.

సంగీత నోట్లో మాట నోట్లోనే ఉండగా వచ్చిన ఆ కేకకు చెట్టు మీద కాకులు లేచాయి. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. మర్యాద సంగతి నాయక్ ఎత్తబోతే బాలి వినిపించుకోలేదు. మర్యాదతో ఒకసారి బతుకు పోయింది చాలు. కాగితాలయ్యాయి, హైదరాబాదు పోయి వేలిముద్రలేసి వచ్చింది, పాస్‌పోర్టు చేతికొచ్చింది. ఇక పది రోజుల్లో ప్రయాణమనగా సంగీత ఏదో నసుగుతూ వచ్చి కూర్చుంది.

"బాలక్కా, ఈసారి చీరలే పెట్టుకో. మీ బట్ట బరువు, పైగా చలి. సభ కాడ కట్టుకుందువులే. బజార్ల వద్దు."

బాలి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఎవలు చెప్పిన్రు నీకీ మాట?"

సంగీత చూపు ఒక్క క్షణం ఎదురింటి వైపు పోయి వచ్చింది. అది చాలు బాలికి. సంగీత ఆటో ఎక్కీ ఎక్కకముందే బాలి కొంగు దోపుకుని ఎదురు వాకిట్లోకి నడిచింది.

మిట్టమధ్యాహ్నం. గోరి ఒక్కతే కూర్చుని పెసలు చెరుగుతోంది.

"ఏమే, నువ్వు పోయినప్పుడు నా బట్ట కావాలె. నేను పోతుంటె నా బట్ట నాకు వద్దా? నీకంటె నేను మంచిగ కనబడ్తనని ఏడుపా? నేను పోవుడే ఇష్టం లేదు నీకు. మేడం చెవిల ఊదినవ్ గదా?"

"అవ్. నేనే చెప్పిన" అంది గోరి.

ఒప్పుకుంటుందని బాలి అనుకోలేదు. దాచిపెట్టుకున్న తిట్లన్నీ వృథా అయ్యాయి.

"కూసో అక్కా."

"కూసోను. చెప్పు."

గోరి చేట పక్కన పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెసల వైపే చూస్తూ చెప్పింది.

"పోయిన మొదటి రోజే అక్కా. మేడం సభ కాడ పేర్లు రాపియ్య పోయింది. రోసమ్మ నన్ను ఊరు చూపిస్తనని తీసుకపోయింది. మంచిగ కనబడాలని నీ బట్ట కట్టుకున్న. ఎంత మురిసినననుకున్నవ్. రోసమ్మ మందుల దుకాణంలకు పోయి, నన్ను పక్కన కాఫీ దుకాణంల నిలబడమని సైగ చేసింది. ఇత్తడి బల్ల. నేను పోంగనే బోన్‌జోర్నో అన్న, ఆమె నేర్పినట్టె. గల్లా కాడ ఉన్నోడు బల్ల దాటి వచ్చిండు. చెయ్యి ఊపుకుంట. కోడిని తోలినట్టు తోలిండు అక్కా. ఒక ఆడామె సంచి రొమ్ముకు అదుముకున్నది. నేను తీసుకుంటనని."

బాలి నిలబడే ఉంది.

"బయట కమాను కింద నిలబడ్డ. ఏడుపొస్తలేదు, ఏం సమజైతలేదు. ఒక ముసలామె వచ్చి నా మొహం చూసి, అయ్యో అన్నట్టు చెంప నిమిరి, నా చెయ్యి తెరిచి బిళ్ళ పెట్టి పోయింది. బిచ్చం అక్కా. గదే ఆ బిళ్ళ."

ఎక్కడో మేక అరిచింది. గోరి ఆగకుండా చెప్పుకుపోయింది, ఆగితే మళ్ళీ చెప్పలేనన్నట్టు.

"రోసమ్మ వచ్చి దుకాణపోనితోటి కొట్లాడింది, ఏడ్చింది. తర్వాత మేడం చెప్పింది. మనలెక్కనే రంగుల బట్టలు, బిళ్ళలు పెట్టుకొని తిరిగేటోళ్ళు ఆ దేశంల ఉన్నరంట. ఊరోళ్ళు వాళ్ళను దగ్గరికి రానియ్యరంట. వాళ్ళు కూడ ఎన్కట మన దిక్కు నుంచే పోయిన్రంటరు అక్కా. అంతే. ఇంక నేను బజారు తొక్కలే. సభకు కార్ల పోయిన, కార్ల వచ్చిన. మిగిలినదంత రోసమ్మ వంటింటి కిటికీల్నే. ఆమె పాపం కూసొని ఒక్కొక్కటి చెప్పేది, మేడం మనకర్థమయ్యేటట్టు చెప్పేది. బండి ఎట్లెక్కాలె, కాఫీ ఎట్ల తాగాలె, ఎద్దు తలకాయ ఎక్కడున్నది. కిటికీలకెంచి చూపించేది."

పై నుంచి చూస్తే ఒకటే గొడుగులు. బాలికి ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది.

అబద్ధం ఎందుకు, మొదట బాలికి సంతోషమే అయింది. రెండేళ్ళు మండిన మంట మీద ఎవరో చెంబెడు నీళ్ళు గుమ్మరించినట్టయింది. తోలేశారా! కోడిని తోలినట్టా! ఆ సంతోషం గట్టిగా మూడు ఊపిరులు కూడా నిలవలేదు. తోలింది ఎవరిని? గోరి మొహం వాళ్ళకేం తెలుసు. వాళ్ళు తోలింది అద్దాలను, గవ్వలను, ఎర్రగుడ్డను. కళ్ళు మసకబారేదాకా మూడేళ్ళు దీపం పక్కన వంగిపోయిన తన తల్లి చేతి కుట్టును. సంగీత ఆ రోజు ఇంకొక్కసారి అడిగి ఉంటే ఆ కమాను కింద తెరిచిన చెయ్యి తనదే అయ్యేది. పైగా ఆ బిచ్చపు బిళ్ళను పంచాయితీ పెట్టి గుంజుకుని, రొమ్ము నడుమ కుట్టుకుని, మెచ్చి ఇచ్చారని తొమ్మిది తండాలకు చాటి, చుట్లు చుట్లు తిరిగింది. సిగ్గు కాళ్ళ దగ్గర మొదలై నెత్తికెక్కింది. బాలి కూలబడినట్టు కూర్చుంది.

"ఎందుకు చెప్పలేదే? పంచాయితిల చెప్తె నేను వదిలేస్తుంటినిగద?"

గోరి అప్పుడు మొదటిసారి తల ఎత్తింది.

"చెప్తె నువ్వు నవ్వుతవని."

బాలి చేట దగ్గరికి లాక్కుంది. నవ్వేదే. తండా అంతా వినేటట్టు నవ్వేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కాసేపు ఇద్దరూ పెసల్లో రాళ్ళు ఏరారు. ఏరడానికి రాళ్ళేం లేవు.

"ఇప్పుడన్న ఆ బిళ్ళ ఇయ్యి అక్కా" అంది గోరి. "వాగుల పారేస్త. నువ్వు చీర కట్టుకొని మంచిగ పోయి రా. ఎవలకు చెప్పను, నువ్వు చెప్పకు."

"ఇయ్య" అంది బాలి.

"అక్కా..."

"ఇయ్య అన్న. నా బట్టకు పడ్డది. పంచాయితిల తేలింది. అది నాది." మొండితనం అదే. ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని అడిగింది. "ఆ బిళ్ళకు ఎన్ని కాఫీలొస్తయి?"

"ఏంది?"

"ఎన్నొస్తయని అడుగుతున్న. నువ్వేగద రేట్లు చెప్పింది."

"కూసుంటె ఒకటి కూడ రాదు" అంది గోరి, అర్థం కాక. "నిలబడి తాగితె రెండొస్తయి."

"నిలబడే తాగుత. మా అమ్మ బట్ట కట్టుకొనే పోత."

"మళ్ళ తోలుతరక్కా!"

"తోలనియ్యి. మళ్ళ పోత. నీకంటె నేను మొండిదాన్నా కాదా? రోసమ్మను తోడు పెట్టుకుంట. బోన్‌జోర్నో అంట. కుట్టు తెంపి ఆ బిళ్ళ గల్లా కాడ పెడ్త. చీటీ తీసుకొని ఇత్తడి బల్ల మీద పెడ్త. రెండు కప్పులు పొయ్యమంట. పక్కపక్కన పెట్టిపిచ్చుకుంట, ఒకటి నాది, ఒకటి నీది. నీది కూడ నేనే తాగుత, ఏం చేస్త మరి, నువ్వు లేకపోతివి."

గోరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మూతి మాత్రం వంకర పోయింది, నవ్వొచ్చేముందు పోయినట్టు. "ఆ దుకాణం నీకెట్ల తెలుస్తది? దారి చెప్తా?"

"నాకు తెల్వదా? రోసమ్మ ఇల్లు దిగంగనే ఎడమకు. ఎద్దు తలకాయ కాడ మళ్ళాలె. కమాన్ల కింద నాలుగో తలుపు."

"మూడో తలుపక్కా."

"నాలుగే. మొదటి రోజు నాలుగన్నవ్. మూడోది మందుల దుకాణం."

గోరి కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. నాలుగే. పోయి వచ్చిన మనిషి మరిచిపోయింది, పోని మనిషికి గుర్తుంది. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఆ నవ్వు విని అవతలి ఇంట్లో హరిలాల్, ఈ యారాండ్లకు పిచ్చి గాని పట్టిందా అని బయటికి వచ్చి చూసి, ఏం అర్థం కాక మళ్ళీ లోపలికి పోయాడు.

బాలి లేచి చీర దులుపుకుంది. వాకిలి దాటబోతుంటే వెనక నుంచి గోరి పిలిచింది.

"అక్కా, ఆ కాఫీ ఎట్లుంటదో నేను చూడనే లేదు. వచ్చినంక నాకు చెప్పాలె."

బాలి వెనక్కి తిరిగింది. కొంగు సర్దుకుంది. ఎంతో పద్ధతిగా అంది.

"నేనెందుకమ్మా, నాకేం తెలుస్తది."

గోరి చేట పక్కకు నెట్టి లేచి వచ్చి రెండోసారి అడిగింది. "ఎందుకులే" అంది బాలి. మూడోసారి గోరి చెయ్యి పట్టుకుని అడిగింది.